అక్క దిగే చోట ఆపరాదు

నాందేడ్ వజీరాబాద్ బజార్లో చద్దర్ల అంబాదాస్ దుకాణం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అదే అంబాదాస్‌ను మీరు ఏదైనా దారి అడిగితే మాత్రం మీ పని అయిపోయినట్టే. ఆయనకు దారి తెలియక కాదు. మరీ ఎక్కువ తెలుసు. ఇటునుంచి పోవచ్చంటాడు, అటునుంచైతే నీడ ఉంటుందంటాడు, పక్క దుకాణం మనిషిని పిలిచి "నువ్వేమంటవ్?" అంటాడు. ఆ పక్కమనిషి మూడో దారి చెబితే "గిదే మంచిగున్నట్టున్నది" అంటాడు. దారి అడిగిన మనిషి ఈలోగా ఇంకెవరినో అడిగి ఊరు చేరుకుంటాడు.

యాభై దాటిన మనిషి. సోలాపూర్ చద్దర్లు, టవాళ్ళు, మీటరు లెక్కన దోతుల గుడ్డ అమ్ముతాడు. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర మరాఠీ, బేరం ముదిరితే దక్కనీ. ఇనుప మీటరుబద్ద చేతిలో ఉన్నంతసేపు ఆయనంత నమ్మకస్థుడు బజారంతటికీ లేడు. గుడ్డ పరిచి, బద్ద పెట్టి, ప్రతి మీటరుకూ బొటనవేలంత ఎక్కువే వదిలి కత్తిరిస్తాడు. బద్ద కింద పెట్టాడా, ఇక అనుమానాలు మొదలు. చాయ్‌లో చక్కెర వేసుకోవాలా వద్దా అన్నది కూడా నలుగురిని అడిగి తేల్చుకుంటాడు. చివరికి ఎవరి మాట చివర పడితే ఆ మాట వింటాడు.

ఇలాంటి మనిషి కారు కొన్నాడు.

కొత్తది కాదు. దెగ్లూర్‌లో ఒక బడిపంతులు నడిపి, తుడిచి, మళ్ళీ తుడిచి అమ్మిన తెల్లకారు. వెనక సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఆయన తీయలేదు. కారు ఇంటికొచ్చిన రోజు అంబాదాస్ భార్య జనాబాయి పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది. వెనక తలుపు తీసి కాలు పెట్టబోయింది.

"ఆగు ఆగు! నువ్వు కూసోకు!" అని అరిచాడు అంబాదాస్.

"ఎందుకు? నేనేం మట్టి కాళ్ళతోని ఉన్ననా?"

"గది కాదే. ఆడబిడ్డ కూసోవాలె ముందు. అక్క హారతిచ్చి, కుడికాలు పెట్టి కూసుంటే గప్పుడు మనం."

అది వాళ్ళ ఇండ్లల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కొత్త ఇల్లైనా, కొత్త మగ్గమైనా, కొత్త దుకాణమైనా ఇంటి ఆడబిడ్డ చెయ్యి ముందు పడాలి. అంబాదాస్ తండ్రి సైకిలు కొంటే మేనత్త వచ్చి క్యారియరు మీద కూర్చున్నాకే అది గల్లీ దాటింది. జనాబాయికి ఆ సంగతి తెలియంది కాదు. కాకపోతే ఆడబిడ్డ విమలాబాయి ఈ ఇంటి గడప తొక్కి మూడేండ్లయింది. అది కూడా తెలియంది కాదు.

విమలాబాయిది హిమాయత్‌నగర్. పత్తి, సోయా పండించే ఇల్లు. మూడేండ్ల కింద దుకాణానికి కొత్త గాజుతలుపులు పెట్టినప్పుడు హారతి ఇవ్వడానికి బస్సులో వచ్చింది. తరోడా నాకా దాటినాక ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీది స్టాపులో దిగుతానని చెప్పింది. అంబాదాస్ బయలుదేరాడు కూడా. దారిలో ఒకాయన, "ఆ బస్సు గీ మధ్య స్టాపుల ఆగుతలేదు, సీదా పెద్ద స్టాండుకు పోతది" అన్నాడు. స్టాండుకు పోయాడు. అక్కడ ఇంకొకాయన, "ఆడనే ఆగుతది, పో" అన్నాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఇంకెవరో ఏదో అన్నారు. ఇటు తిరిగీ అటు తిరిగీ స్కూటర్‌లో పెట్రోలు అయిపోయింది. అక్కడ విమలాబాయి ఎండలో నిలబడి, నిలబడి, తిరుగు బస్సు ఎక్కింది. తమ్ముడికని కట్టుకొచ్చిన నువ్వుల సజ్జరొట్టెలు మూట విప్పి కండక్టరుకు పెట్టిందట. కండక్టరు బాగున్నాయన్నాడట. ఆ మాట బంధువులందరికీ చేరింది.

అప్పటినుంచి ఆమె తమ్ముడితో మాట్లాడదు. ఏదున్నా జనాబాయికి ఫోను. "నీ మొగనికి చెప్పు" అని మొదలుపెడుతుంది. పక్కనే కూర్చుని వింటున్న మొగుడు తల ఊపుతాడు.

అందుకని కారు వచ్చిన నాటి నుంచి అంబాదాస్ ఇంట్లో ఒక వింత నడిచింది. నడిపేవాడు లెక్కలోకి రాడని, ఎటు పోవాలన్నా ఆయన కారులో ఒక్కడే ముందు పోతాడు. వెనకాల జనాబాయి, కూతురు ప్రగతి ఆటోలో వస్తారు. పెండ్లికి పోయినా అంతే, డాక్టరు దగ్గరికి పోయినా అంతే. ఒకసారి చౌరస్తాలో ఆటో ఆయన వెనక్కి తిరిగి, "ముందట ఆ కారాయన మీ కోసం ఆగుతున్నడు, మీకు తెలుసా బాయి?" అని అడిగాడు. జనాబాయి అటు చూడకుండా, "తెల్వదు" అంది.

చివరికి ఆమే పూనుకుంది. వదినెకు ఫోను చేసి బతిమిలాడింది.

"కారు కొన్నడు వదినే. నువ్వు రాంది ముట్టుకోనిస్తలేడు. పండుగ లేదు పబ్బం లేదు, నా బతుకు ఆటోల అయిపోతున్నది. రా వదినే."

అవతల ఏదో గిన్నె ఠంగుమని కింద పెట్టిన చప్పుడైంది.

"వస్త," అంది విమలాబాయి. "అయితారం పొద్దుగాల బస్సుకు వస్త. నీ మొగనికి చెప్పు. నేను బస్సు దిగంగనే నా కండ్లకు కనవడాలె. ఒక్క నిమిషం చూడ. కనవడకపోతే గదే బస్సు మల్ల ఎక్కుత. ఇగ నా మొకం ఎవరు చూడరు."

పక్కనే వింటున్న అంబాదాస్ లేచి నిలబడ్డాడు. అక్క మాట అంటే మాటే. చిన్నప్పుడు ఒకసారి చింతపండు కోసం అలిగి వారం రోజులు అతనితో మూగసైగలు చేసింది.

"కారు తీస్కొని స్టాపులనే ఉంట," అన్నాడు. "దిగితే కారులనే కాలు పెట్టాలె. గంతే."

గంతే అనుకున్నాడు.

శుక్రవారం నాడు స్టాపు చూసి వద్దామని కారులో పోయాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉంది. దాని ముందు ఆపి, ఇక్కడే ఆపితే సరిపోతుందనుకుంటూ ఇంకా చేయి స్టీరింగు మీదనుంచి తీయలేదు, అద్దం మీద టకటకమని కొట్టారు ఎవరో. ట్రాఫిక్ పోలీసు. చొక్కా మీది పట్టీలో పేరు నాగనాథ్ అని ఉంది.

"కాకా, బస్ థాంబా ఇది. గాడీ తియ్యి," అన్నాడు మరాఠీలో. థాంబా అంటే బస్సు ఆగే చోటు.

"ఆపలే సాహెబ్, చూస్తున్న అంతే."

"చూసుడు గూడ ముందుకుపోయి చూడు. బస్ థాంబా దగ్గర పెట్టొద్దు."

"ఎంత దూరం పెట్టాలె?"

"పదిహేను మీటర్లు."

అంబాదాస్ ముఖం వెలిగింది. మీటర్లు! ఇన్నాళ్ళకు ఒకడు తనకు అర్థమయ్యే భాషలో మాట్లాడాడు. దండం పెట్టి, కారు ముందుకు తీసి, ఒక పక్కన ఆపి, అద్దంలోంచి వెనక్కి చూసుకున్నాడు. అప్పుడు అనుమానం పుట్టింది. పదిహేను మీటర్లు సరే, ఎక్కణ్ణుంచి?

ఎందుకంటే అక్కడ స్టాపు ఒక్కటి కాదు. రేకుల షెడ్డు ఒకచోట ఉంది. అందులో మారోతి అనే అతను చెప్పులు పెట్టుకుని అమ్ముతున్నాడు, బెంచీ మీద లేడీస్ సైజులు, కింద జెంట్స్. బస్సు బొమ్మ వేసిన బోర్డు షెడ్డుకు ముందు, కరెంటు స్తంభానికి ఉంది. జనం మాత్రం రెండింటికీ దూరంగా వేపచెట్టు నీడలో నిలబడ్డారు. అంతలోనే ఒక సర్కారు ఎస్టీ బస్సు వచ్చి ఈ మూడూ దాటిపోయి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆగింది. జనం బ్యాగులు పట్టుకుని అటు పరిగెత్తారు.

అంబాదాస్ కారు దిగి నాగనాథ్ దగ్గరికి వెనక్కి నడిచొచ్చాడు.

"సాహెబ్, పదిహేను అన్నరు గద, ఎక్కణ్ణుంచి?"

"థాంబా నుంచి."

"థాంబా ఏది సాహెబ్? షెడ్డా, బోర్డా, చెట్టా, బస్సా?"

నాగనాథ్ ఒకసారి షెడ్డు వైపు, ఒకసారి బోర్డు వైపు చూశాడు. ఈ ప్రశ్న ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు.

"అంతా థాంబానే," అన్నాడు చివరికి. "పోండ్రి కాకా, ఎండ అయితున్నది."

ఇంటికి వచ్చి అంబాదాస్ తిండి సరిగ్గా తినలేదు. దుకాణంలో నలుగురినీ అడిగాడు. బట్టల మధ్యవర్తి ఒకాయన యాభై మీటర్లన్నాడు. మెడికల్ షాపాయన, ఇంజను బందు చేయకపోతే అది పార్కింగే కాదు, ఎంతసేపైనా ఉండొచ్చన్నాడు. ఎదురుగా కుట్టుమిషను ఆయన, నాలుగు లైట్లూ టుక్కుటుక్కుమని వెలిగించి బానెట్ ఎత్తి పెడితే బండి చెడిపోయిందనుకుని పోలీసే తోస్తాడన్నాడు. ప్రతి మాటకూ అంబాదాస్, "గిదే మంచిగున్నట్టున్నది" అన్నాడు. సాయంత్రానికి ఆయన బుర్రలో నాలుగు కార్లు నాలుగు చోట్ల ఆగి ఉన్నాయి.

ప్రగతి ఒక్కతే తేలిగ్గా చెప్పింది. "బాపూ, కారుల ఎవరినన్న కూసోబెట్టి పో. మనిషుంటే ఎత్తుకపోరు. పోలీసొస్తే జరుపుతరు. అందరు గదే చేస్తరు. నేనొస్త, కూసుంట."

"నువ్వెట్ల కూసుంటవ్? అత్త కూసోవాలె గద ముందు."

"అత్తను తేవడానికే గద!"

"గందుకే కూసోవద్దంటున్న."

ప్రగతి తల్లి వైపు చూసింది. జనాబాయి, "నన్ను చూడకు బిడ్డా, నేను ఆటో మనిషిని," అని లోపలికి పోయింది.

శనివారం పొద్దున్నే, బజారు తెరవకముందు, అంబాదాస్ మీటరుబద్ద చంకలో పెట్టుకుని, గుడ్డ మీద గీత గీసే సుద్ద జేబులో వేసుకుని స్టాపుకు పోయాడు. ఇక ఎవరినీ అడగదలచుకోలేదు. అన్నిటికన్నా ఎక్కువ దూరమే తీసుకుంటే ఎవరూ ఏమీ అనలేరు కదా. షెడ్డు దగ్గర వంగాడు. రోడ్డు అంచున బద్ద పెట్టాడు, సుద్దతో గీశాడు, బద్ద ముందుకు జరిపాడు. అలవాటు కొద్దీ ప్రతి మీటరుకూ బొటనవేలంత ఎక్కువ వదిలాడు.

నాలుగైదు మీటర్లు పోయాడో లేదో, వెనక ఏదో గలగలమంది. తిరిగి చూస్తే మారోతి చెప్పులన్నీ గోనెసంచీలో కుక్కుతున్నాడు. వాడి పక్కన చెరుకురసం ఆయన మిషను చక్రాల కింద పెట్టిన రాళ్ళు తీసేసి తోస్తున్నాడు. అరటిపండ్ల బండి ఇప్పటికే కదిలింది. కాస్త దూరంలో ఒక హోటలాయన బయట వేసిన బల్లలు తన మనుషులతో లోపలికి లాగిస్తూ, "ఎక్కడిదాకా వస్తది సాహెబ్ మున్సిపాలిటీ మార్కింగు?" అని వినయంగా అడిగాడు.

అంబాదాస్‌కు అర్థం కాలేదు. "ఇంకా తెల్వది," అన్నాడు నిజాయితీగా.

ఆ మాటతో మిగిలినవాళ్ళు కూడా సర్దేశారు. ఏండ్ల తరబడి కనిపించని ఫుట్‌పాత్ అలా పొద్దున్నే బయటపడి, ఎండలో సిగ్గుపడుతున్నట్టు పడుకుంది. డ్యూటీకి వచ్చిన నాగనాథ్ దాన్ని చూసి బండి ఆపి, కాసేపు తాను సరైన రోడ్డుకే వచ్చానా అని చుట్టూ చూశాడు.

"ఎవరు ఖాళీ చేయించిన్రు?"

అందరూ అంబాదాస్ వైపు చూపించారు. ఆయన చేతిలో ఇనుపబద్ద, ముక్కు మీద సుద్ద.

"నేనేం చేయలే సాహెబ్. మా అక్క కోసం కొలుస్తున్న."

గోనెసంచీ భుజాన వేసుకున్న మారోతి అక్కడే నిలబడిపోయాడు. "మీ అక్క పెద్దాఫీసరా కాకా?"

"కాదు. హిమాయత్‌నగర్ల పత్తి ఉంటది."

విషయం తెలిశాక తిట్టినవాళ్ళు తిట్టారు, నవ్వినవాళ్ళు నవ్వారు. చెరుకురసం ఆయన మాత్రం మిషను తోసుకొస్తూ అరగంట సేపు ఏదో ఒకటి అన్నాడు. మారోతి మెత్తనివాడు. సంచీ విప్పి చెప్పులు మళ్ళీ పరుస్తూ, కాకాను కూర్చోబెట్టి సంగతంతా రాబట్టాడు. ఆడబిడ్డ అలక మాట వచ్చేసరికి, "మా ఇంట్ల గూడ ఉన్నది ఒకామె," అని నిట్టూర్చి, తానే లేచి బద్ద పట్టుకుని సాయం చేశాడు.

షెడ్డు నుంచి కొలిస్తే పదిహేనో మీటరు ఒక దవాఖానా గేటు ముందు పడింది. అక్కడ పెట్టకూడదు. బోర్డు నుంచి కొలిస్తే జనం రోడ్డు దాటే తెల్లగీతల మీద పడింది. అక్కడ అసలే పెట్టకూడదు. చెట్టు నుంచి కొలిస్తే ఒక సందు మలుపు మీద పడింది. చివరికి అన్నీ దాటి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాటి, ఎవరి గేటూ ఎవరి గీతా లేని చోట అంబాదాస్ పెద్ద సున్నా చుట్టాడు.

"గిక్కడైతే?" అని నాగనాథ్‌ను అడిగాడు.

నాగనాథ్ దూరం నుంచే చూసి, "ఆఁ, నడుస్తది," అన్నాడు.

ఆదివారం. అంబాదాస్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇంట్లో జనాబాయి హారతిపళ్ళెం సర్దింది, పూరీల పిండి కలిపింది, "ఎవరినీ ఏమి అడగకు, సీదా పో, సీదా రా" అని రెండుసార్లు చెప్పింది. ఆయన ఎవరినీ అడగలేదు. కారును అంగుళం అటూ ఇటూ కాకుండా సున్నా మీద నిలిపాడు. దిగి, తాళం వేసి, చుట్టూ ఒక తిరుగు తిరిగి చూసుకున్నాడు. ఇంత న్యాయంగా ఆగిన కారు నాందేడ్‌లో ఇంకొకటి ఉండదనిపించింది. అక్కకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని, షెడ్డు దగ్గరికి వెనక్కి నడిచి, మారోతి చెప్పుల పక్కన నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. ముందు అద్దం మీద హిమాయత్‌నగర్ బోర్డు కనిపించగానే ఆయన గొడుగు విప్పాడు.

షెడ్డు ముందు మూడు ఆటోలు అడ్డంగా ఉన్నాయి. బోర్డు కింద అరటిపండ్ల బండి. చెట్టు కింద జనంతో పాటు ఎవరిదో ట్రాక్టరు. డ్రైవరు ఇవన్నీ చూసి, హారన్ కొట్టి, ఎక్కడ చోటుందా అని ముందుకు పోయాడు. కిటికీలో అక్క చెంపా, చెవిపోగూ అంబాదాస్ కళ్ళ ముందునుంచి జరిగిపోయాయి. బస్సు షెడ్డు దాటింది, బోర్డు దాటింది, చెట్టు దాటింది. ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాటి, తెల్లకారు పక్కకు పోయి, రోడ్డుకు అడ్డంగా ఆగింది.

"ఆగు! ఏ ఆగు!" అంటూ అంబాదాస్ విప్పిన గొడుగుతోనే పరుగెత్తాడు. గొడుగు గాలికి వెనక్కి లాగింది. పోనీ మూద్దామంటే మూసుకోలేదు. మారోతి చెప్పులు వదిలేసి వెనకాల పరుగెత్తాడు.

అక్కడ విమలాబాయి దిగింది. చేతిలో సంచీ, నెత్తిన కొంగు. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఎదురుగా ఎవరిదో ఖాళీ కారు. తమ్ముడు లేడు. ఆమె నోరు గట్టిగా మూసుకుపోయింది. వెనక్కి తిరిగి బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

సరిగ్గా అప్పుడే వెనక బండ్లు ఎత్తుకుపోయే లారీ వచ్చి ఆగింది. అందులోనుంచి ఇద్దరు దూకి తెల్లకారు చక్రాల కింద ఇనుపకొక్కేలు దూర్చసాగారు. నాగనాథ్ బండి మీద వచ్చి, "బస్సుకు జాగ లేదు, మనుషులు నడిరోడ్డు మీద దిగుతున్నరు, ఎవరిదిది?" అని గట్టిగా అడిగాడు.

అంబాదాస్‌కు రెండూ ఒక్కసారే కనిపించాయి. మెట్టు మీద అక్క కాలు, చక్రం కింద కొక్కెం.

"ఆగుండ్రి!" అని అరిచాడు.

అందరూ ఆగారు. కొక్కెం వాళ్ళూ ఆగారు, అక్కా ఆగింది, బస్సు డ్రైవరు కూడా ఇంజను తగ్గించాడు. ఎవరిని ఆగమన్నాడో ఆయనకే తెలియలేదు. గొడుగు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"సాహెబ్, నిన్న మీరే నడుస్తదన్నరు గద! పదిహేను మీటర్లు కొలిచిన. సున్నా చుట్టిన!"

నాగనాథ్‌కు నిన్నటి సంగతి గుర్తుంది. అందుకే గొంతు కాస్త తగ్గించాడు. "కాకా, నిన్న ఇక్కడ థాంబా లేదు. ఇవ్వాళ బస్సు ఎక్కడ ఆగింది?"

"గిక్కడ."

"మనుషులు ఎక్కడ దిగిన్రు?"

"గిక్కడనే."

"మరి థాంబా ఎక్కడున్నట్టు?"

అంబాదాస్ తన సున్నా వైపు చూశాడు. "మరి రేపు ఎక్కడుంటది?" అని మాత్రం అడిగాడు, తెలుసుకుందామని.

"అదంతా నాకు తెల్వదు. గాడీల ఎవరు లేరు, ఎత్తవలసిందే."

పరుగెత్తుకొచ్చిన మారోతి తనకు తోచింది వెంటనే చెప్పాడు. "మనిషుంటే ఎత్తరు గద సాహెబ్? కాకా, తాళం తియ్యి, నేను కూసుంట!"

అంబాదాస్ చేతిలో తాళంచెవి ఎలా నొక్కుకుందో, కారు కుయ్యిమని లైట్లు కొట్టింది. మారోతి వెనక తలుపు లాగి, తల లోపల పెట్టాడు.

"వద్దు! నువ్వు కూసోకు! నీ కాళ్ళు మొక్కుత, నువ్వు మాత్రం కూసోకు!"

ఆ కేకకు బస్సులో నిద్రపోతున్నవాళ్ళు కూడా కిటికీలు తెరిచారు. మారోతి తల బయటికి తీసి బిక్కమొహం వేశాడు. సాయం చేయబోతే ఈ తిట్టేమిటో వాడికి బోధపడలేదు. నాగనాథ్‌కూ బోధపడలేదు.

"ఎందుకు కూసోవద్దు?"

అడిగింది పోలీసు కాదు. మెట్టు మీద కాలు తీయకుండానే, తమ్ముడి వైపు పూర్తిగా తిరగకుండానే, విమలాబాయి అడిగింది. మూడేండ్ల తర్వాత అతనితో ఆమె అన్న మొదటి మాట అది.

"నువ్వు కూసోలేదు గదక్కా ఇంక," అన్నాడు అంబాదాస్. రొప్పుతున్నాడు. "కారు వచ్చినప్పటిసంది ఎవరినీ కూసోనియ్యలే. జనను గూడ. పెండ్లికి ఆటోల తీస్కపోయిన. జరమొచ్చినప్పుడు దవాఖానకు గూడ ఆటోల తీస్కపోయిన. ఇప్పుడు గీ చెప్పులాయనను ఎట్ల కూసోనిస్త?"

"జరమొస్తే గూడనా?"

"నేను ముందట కారుల పోయిన. పైలంగనే పోయిన."

విమలాబాయి తెరిచి ఉన్న తలుపులోంచి వెనక సీటు వైపు చూసింది. ప్లాస్టిక్ కవరు ఎండకు తళతళలాడుతోంది, దాని మీద ముడత కూడా లేదు. కండక్టరు గంట కొట్టి, "బాయి, ఎక్కుతవా దిగుతవా? ఒకటి చెప్పు," అన్నాడు.

కొక్కెం పట్టుకున్నవాళ్ళు నాగనాథ్ వైపు చూస్తున్నారు. నాగనాథ్ గడియారం వైపు చూస్తున్నాడు. అంబాదాస్ అక్క కాలి వైపు చూస్తున్నాడు.

ఆ కాలు మెట్టు దిగింది. విమలాబాయి కారు దగ్గరికొచ్చి, రోడ్డు మీదే చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, సంచీతో సహా లోపలికెక్కి కూర్చుంది. ప్లాస్టిక్ చటచటమంది. తలుపు వేసుకుంది. తర్వాత అద్దం దించి నాగనాథ్‌తో మరాఠీలో, "మనిషున్నది. ఇగ ఎత్తు చూద్దాం," అంది.

కొక్కేలు బయటికొచ్చాయి. బస్సు కదిలిపోయింది. మారోతి ఆమె చెప్పులు రోడ్డు మీదనుంచి తీసి, అరిగిన మడమ వైపు వృత్తి కొద్దీ ఒకసారి చూసి, దులిపి కారులో పెట్టాడు.

"బాయి, ఎత్తను. కానీ తప్పు తప్పే," అంటూ నాగనాథ్ ఫోను బయటికి తీసి కారుకు గురిపెట్టాడు. చలానాకు ఫోటో కావాలి.

విమలాబాయికి ఆ సంగతి తెలియదు. కొత్త కారుకు ఫోటో తీస్తున్నాడనుకుంది. నిటారుగా కూర్చుని, కొంగు చెవుల వెనక్కి తోసి, "ఏయ్ అంబా, గట్ల నిలవడ్డవేంది? ఇటు వచ్చి నిలవడు. గొడుగు కింద పెట్టు," అంది. అంబాదాస్ గొడుగు మూయలేక వెనక దాచుకుని కారు పక్కన నిలబడ్డాడు. నాగనాథ్ మొదటి ఫోటోలో నంబరు పలక సరిగ్గా పడలేదని రెండోది తీశాడు. రెండోసారి ఆమె కొంచెం నవ్వింది కూడా.

"నాకు గూడ పంపు బిడ్డా," అంది నాగనాథ్‌తో.

"కాకా ఫోనుకు వస్తది బాయి," అన్నాడతను, ఎటో చూస్తూ.

అంబాదాస్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దంలో అక్క ముఖం కనిపిస్తోంది. అది ఇప్పుడు మళ్ళీ బిగుసుకుని ఉంది. సంతోషపడాలా భయపడాలా తెలియలేదు. కూర్చుంది నిజమే. కానీ హారతి లేదు, కుడికాలు పెట్టిందో ఎడమకాలు పెట్టిందో గొడవలో చూడనేలేదు, పైగా కారు కోసం కూర్చుందా తన కోసం కూర్చుందా? అడిగితే ఏమంటుందో. అడగకపోతే ఎటు పోనివ్వాలో. ఎడమకు పోతే ఇల్లు. సీదా పోతే పెద్ద స్టాండు, అక్కడ హిమాయత్‌నగర్ తిరుగు బస్సు.

"అక్కా... ఇంటికా, స్టాండుకా?"

"నువ్వు సంతోషపడకు," అంది విమలాబాయి. "ఇది కూసున్నట్టు కాదు."

"కూసున్నవ్ గద."

"వాండ్లు ఎత్తుకపోతుంటే ఆగెటందుకు కూసున్న. ఇది లెక్కల రాదు. హారతి లేకుంట, నీళ్ళతోని దిష్టి తియ్యకుంట ఆడబిడ్డ కూసుంటే దాన్ని కూసునుడంటరా? మల్ల దిగాలె, మల్ల ఎక్కాలె. సక్కగ ఎక్కాలె."

అంబాదాస్ దీన్ని కాసేపు ఆలోచించాడు. కారు ఆపినా పార్కింగు కాదని కొందరు, షెడ్డూ బోర్డూ లేకపోయినా స్టాపేనని పోలీసు, ఇప్పుడు కూర్చున్నా కూర్చున్నట్టు కాదని అక్క. రెండు రోజులుగా విన్నవాటిలో ఇదొక్కటే ఆయనకు సరిగ్గా అర్థమైంది.

"మరి హారతిపళ్ళెం..."

"మీ ఇంట్ల ఉంటది గద! రోడ్డు మీద ఇస్తరా ఎవరన్న? పోనియ్యి. వెనక బండ్లు కొట్టుకుంటున్నయి."

అంబాదాస్ ఎడమకు తిప్పాడు. తిప్పేముందు ఎవరినీ అడగలేదు. ఇండికేటరు కుడివైపు వేశాడన్నది వేరే సంగతి.

సందులోకి మలుపు తిరగ్గానే విమలాబాయి ఫోను తీసి మరదలికి చేసింది. అవతల జనాబాయి గొంతు భయంగా, "వదినే, దిగినవా? కనవడ్డడా?" అంది.

"కనవడ్డడు, కనవడ్డడు. గొడుగు పట్టుకొని ఉరుకుతుంటే ఊరంత కనవడ్డడు. నూనె పొయ్యి మీద పెట్టు, వస్తున్నం. ఇగో జనా, ఇంకొకటి. ముందుగాల నువ్వు బయటికొచ్చి గేటు దగ్గర నిలవడి, కారు గిక్కడ ఆపాలె అని చెయ్యి పెట్టి చూపియ్యి. ఎవరినీ అడగనియ్యకు వీన్ని."

"సరె వదినే."

"జరమొచ్చినప్పుడు గూడ ఆటోలనేనా నిన్ను?"

అంతే, జనాబాయి మొదలుపెట్టింది. పెండ్లి సంగతి, దవాఖానా సంగతి, చౌరస్తాలో ఆటో ఆయన అడిగిన సంగతి, ఒకటి తర్వాత ఒకటి. విమలాబాయి ఫోను చెవికి నొక్కుకుని, "ఆఁ... ఆఁ... అయ్యో... గట్లనా..." అంటూ, మధ్య మధ్యలో అద్దంలోంచి తమ్ముడి కళ్ళలోకి చూస్తూ వింటోంది. అంబాదాస్ ముందుకు మాత్రమే చూస్తూ, వీలైనంత మెల్లగా నడుపుతున్నాడు.